కోత చిన్నదైంది.. దారి పెద్దదైంది

మారికుప్పం నుంచి బెంగళూరుకు పోయే పొద్దుటి రైలు ఎక్కేవాళ్లకు ఆ రద్దీ తెలుసు. బంగారుపేట జంక్షన్‌లో బండి ఆగేసరికే సీట్లన్నీ నిండి ఉంటాయి. గార్మెంట్స్‌కు పోయే ఆడవాళ్లు, మేస్త్రీ పనులకు పోయే మగవాళ్లు, కాలేజీ పిల్లలు.. సగం మంది ఆ డెబ్బై కిలోమీటర్లూ నిలబడే పోతారు. అలాంటి బండిలో ఒకరోజు ఒక కుర్రాడు లేచి మా వదినకు సీటిచ్చాడు. 'కూచో అక్కా, ఎన్నో నెల?' అని అడిగాడు. మా వదినకు అప్పటికి నలభై ఆరేళ్లు. పెద్దకొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఆమె ఏమీ అనలేదు. కూచుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెప్పి మొదట నవ్వింది, తర్వాత ఏడ్చింది. 'నెలలు యాడివి, రెండేండ్లుగా మోస్తా ఉండా' అంది.

ఆ రెండేళ్లలో మేము చేసిన ఘనకార్యం చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఒళ్లొచ్చిందనుకున్నాం. గాలి చేరిందనుకున్నాం. ఒక క్లినిక్‌లో కడుపు మీద చెయ్యి పెట్టి చూడకుండానే గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. ఏడాది పాటు అవే వాడింది. పక్కింటి పెద్దావిడ చెబితే కమ్మసంద్ర కోటిలింగేశ్వరుడికి మొక్కుకుని వచ్చింది. రెండు ముద్దలు తింటే చాలు కడుపు నిండిపోయేది. గంటకోసారి ఒంటికి పోవాల్సి వచ్చేది. ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజరు మాటలు పడలేక నీళ్లు తాగడమే మానేసింది. చీర కుచ్చిళ్లు పైకి, ఇంకా పైకి కట్టుకుంటూ పోయింది. ఇంట్లో మేమంతా చూస్తూనే ఉన్నాం. ఎవరికీ తట్టలేదు.

చివరికి స్కాన్ తీయిస్తే తేలింది. ఎడమ అండాశయం నుంచి పుట్టిన నీటి తిత్తి. 28 సెంటీమీటర్లు. బెంగళూరులో ఆపరేషన్ చేశారు. మూడు వేళ్ల వెడల్పు కోత ఒకటి, పక్కన చిన్న రంధ్రాలు రెండు. తొమ్మిది లీటర్ల దాకా నీరు తీశారు. మూడో రోజు ఇంటికొచ్చింది. నాలుగో వారం దాటాక మళ్లీ అదే రైలెక్కింది. బయాప్సీలో కేన్సర్ లేదని వచ్చింది.

ఇదే జబ్బు మా అమ్మకూ వచ్చింది, 1986లో. అప్పుడు మా నాయన గనిలో పని. చాంపియన్ రీఫ్‌లోని మైన్స్ ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. బొడ్డు పైనుంచి కింది దాకా కోత. పద్నాలుగు రోజులు ఆస్పత్రిలోనే ఉంది. మూడు నెలలు బిందె ఎత్తలేదు. ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది. కానీ ఒక్క మాట చెప్పాలి. మా అమ్మ కడుపు పెరుగుతోందని తెలిసిన వారంలోనే ఆస్పత్రిలో ఉంది. నాయన షిఫ్టు దిగి నడుచుకుంటూ పోయి చూసి వచ్చేవాడు. ఒక్క రూపాయి అప్పు కాలేదు.

అప్పుడు కోత పెద్దది, దారి చిన్నది. ఇప్పుడు కోత చిన్నదైంది, దారి పెద్దదైంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇంతే.

అసలు ఏమిటీ తిత్తి?

ఆడవాళ్ల పొత్తికడుపులో గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. ఒక్కోటి బాదంకాయంత. నెలనెలా అందులో ఒక చిన్న నీటి బుడగ పెరిగి, పగిలి, అండం బయటపడుతుంది. ఒక్కోసారి ఆ బుడగ పగలకుండా నిలిచిపోతుంది. అదే మామూలు సిస్టు. నెలసరి వచ్చే వయసులో 5 సెంటీమీటర్ల లోపు ఉండి, లోపల గట్టి భాగం లేకుండా పలచని నీరు మాత్రమే ఉంటే రెండు మూడు నెలసరులలో సాధారణంగా తనంతట తానే పోతుంది.

రెండో రకం అలా పోదు. అండాశయం పైపొర నుంచి పుట్టి, లోపల నీరో జిగురో ఊరుతూ పెరుగుతూనే ఉంటుంది. పలచని నీరు ఊరేది ఒక రకం, జిగురు ఊరేది ఇంకో రకం. మరీ పెద్దగా పెరిగేవాటిలో జిగురు రకమే ఎక్కువగా కనిపిస్తుంది. వెంట్రుకలు, కొవ్వు, ఒక్కోసారి పళ్లు కూడా ఉండే డెర్మాయిడ్ అనేది మరో రకం. 10 సెంటీమీటర్లు దాటితే పెద్ద తిత్తి అంటారు. బొడ్డు దాటి పైకి వచ్చిందంటే, లేదా 15-20 సెంటీమీటర్లు మించిందంటే, దాన్ని అతిపెద్ద తిత్తిగా లెక్కిస్తారు. వీటిలో ఎక్కువ భాగం కేన్సర్ కావు. కానీ కొన్ని అవుతాయి. ఏది అవునో ఏది కాదో కడుపు మీద చెయ్యి పెట్టి ఎవరూ చెప్పలేరు.

ఇంత పెద్దదైనా నొప్పి ఉండకపోవడమే దీని మోసం. పొత్తికడుపు నిండా చోటుంది కాబట్టి మెల్లగా పెరుగుతూ పోతుంది. పేగులను నొక్కితే ఆకలి తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది. మూత్రాశయాన్ని నొక్కితే మాటిమాటికీ ఒంటికి వస్తుంది. ఊపిరితిత్తుల కింది పొరను పైకి నెడితే పడుకున్నప్పుడు ఆయాసం వస్తుంది. ముఖం, చేతులు చిక్కిపోయి కడుపు మాత్రం పెరుగుతుంటే అది ఒళ్లు రావడం కాదు. మధ్యరకం తిత్తి, ముఖ్యంగా డెర్మాయిడ్, ఒక్కోసారి మెలి తిరుగుతుంది. అప్పుడు తట్టుకోలేని నొప్పి, వాంతులు మొదలవుతాయి. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే అండాశయం చచ్చిపోతుంది.

గుర్రం మీద పోయిన ఇల్లాలు

ఈ ఆపరేషన్ చరిత్ర కూడా దూరాభారం ప్రయాణంతోనే మొదలైంది. 1809 డిసెంబరులో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే ఇల్లాలు పెద్ద కడుపుతో గుర్రమెక్కి అరవై మైళ్లు ప్రయాణం చేసింది. డాన్‌విల్ అనే ఊళ్లో ఎఫ్రాయిమ్ మెక్‌డొవెల్ అనే వైద్యుడు ఆమెకు ఆపరేషన్ చేశాడు. అప్పటికి మత్తుమందు లేదు. ఈథర్ మత్తు వచ్చింది 1846లో. తొమ్మిది అంగుళాల కోత పెట్టాడు. కణితిని ముందు కోసి లోపలున్న 15 పౌన్ల జిగురు తీశాడు. ఆ తర్వాత ఏడున్నర పౌన్ల తిత్తిని బయటికి లాగాడు. మొత్తం పది కిలోలకు పైమాటే. పని ఇరవై అయిదు నిమిషాల్లో ముగిసింది. ఐదో రోజు ఆయన చూడబోతే ఆమె తన పడక తానే సర్దుకుంటోందట. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా బతికి 1842లో కన్నుమూసింది.

ముందు లోపలి సరుకు తీసి, ఆ తర్వాత ముడుచుకున్న సంచిని లాగడం.. ఇప్పటి చిన్న కోత ఆపరేషన్‌కు మూలసూత్రం అదే. 1905లో టెక్సాస్‌లో ఒక మహిళకు దాదాపు 148 కిలోలని అంచనా వేసిన తిత్తిని కూడా, ముందు వారం రోజులు నీరు తీసి, తర్వాత ఆపరేషన్ చేశారు. ఇందుకు పూర్తి భిన్నమైన దారి కూడా ఉంది. 1991 అక్టోబరులో అమెరికాలోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో డాక్టర్ కేథరిన్ ఓహాన్లన్ బృందం 137 కిలోల కణితిని పగలనీయకుండా, నీరు తీయకుండా, ఉన్నదున్నట్టు తీసింది. ఆరు గంటలకు పైగా పట్టింది. నీరు తీసి చిన్నగా చేయాలా, పెద్ద కోతతో నిండుగా తీయాలా? డాక్టర్ల ముందు ఇప్పటికీ ఉన్న ప్రశ్న ఇదే.

ఇరుకు షాఫ్టులోంచి తీసినట్టు

కేజీఎఫ్ వాళ్లకు ఈ పని అర్థం చేయడం తేలిక. మూడు కిలోమీటర్ల లోతు నుంచి రాయినంతా ఇరుకు షాఫ్టులోంచే పైకి తెచ్చారు కదా. కొండను తవ్వి పడేయలేదు. ఇదీ అలాంటిదే.

బొడ్డు దగ్గరో, పొత్తికడుపు కిందో మూడు నాలుగు సెంటీమీటర్ల కోత పెడతారు. తిత్తి గోడ కనిపిస్తుంది. సంచి మూతికి తాడు వేసినట్టు దాని మీద గుండ్రంగా ఒక కుట్టు వేస్తారు. ఆ మధ్యలో గుచ్చి సక్షన్ గొట్టంతో నీరు లాగుతారు. చుక్క కూడా కడుపులో పడకుండా చుట్టూ గుడ్డలు పెడతారు. కొందరు తిత్తికి ప్లాస్టిక్ సంచిని జిగురుతో అతికించి, ఆ సంచిలోంచే గుచ్చుతారు. నీరు పోయాక కుట్టు బిగిస్తే మూతి మూసుకుంటుంది. ముడుచుకున్న తిత్తిని చిన్న కోతలోంచి బయటికి లాగి కోస్తారు. లేదంటే కెమెరా చూసుకుంటూ లోపలే కోసి, సంచిలో వేసి తీస్తారు. పూర్తిగా కెమెరాతో చేసేటప్పుడు తిత్తి బొడ్డు కిందే ఉంటుంది కాబట్టి, మొదటి రంధ్రం ఎడమ పక్కటెముకల కింద పెట్టడం ఒక పద్ధతి. చివర్లో కెమెరా తిప్పి కాలేయం, పేగులు, రెండో అండాశయం అన్నీ చూస్తారు. తీసినదాన్ని బయాప్సీకి పంపుతారు.

ఇందులో మత్తు డాక్టరు పాత్ర తక్కువేమీ కాదు. లీటర్ల కొద్దీ బరువు ఒక్కసారిగా దిగిపోతే బీపీ పడిపోవచ్చు. అందుకే నీరు మెల్లగా తీస్తారు.

లాభం ఏమిటంటే నొప్పి తక్కువ, ఆస్పత్రిలో ఉండే రోజులు తక్కువ. కేన్సర్ కాదనిపించే అండాశయ గడ్డల విషయంలో పెద్ద కోతతో పోలిస్తే ఇదే మెరుగని 2009లో కొక్రేన్ సంస్థ సమీక్ష కూడా తేల్చింది. అతిపెద్ద తిత్తుల మీద మాత్రం అంత గట్టి పరీక్షలు లేవు. ఉన్నవి ఎక్కువగా ఆయా ఆస్పత్రుల అనుభవాలే. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి.

అందరికీ ఇదే కాదు

'చిన్న రంధ్రాలతోనే చేయండి' అని పట్టుబట్టడం కూడా తప్పే. స్కాన్‌లో గట్టి భాగాలు, లోపలి గోడ మీద పూతలాంటి మొటిమలు, మందమైన అరలు కనిపించినా, కడుపులో విడిగా నీరు చేరినా కేన్సర్ అనుమానం పెరుగుతుంది. నెలసరి ఆగిన వయసు, సీఏ-125 రక్తపరీక్షలో ఎక్కువ అంకె ఈ అనుమానాన్ని ఇంకా పెంచుతాయి. అలాంటప్పుడు పెద్ద కోతతో, పగలకుండా నిండుగా తీయడమే మేలు. అండాశయం లోపలే ఉన్న కేన్సర్ ఆపరేషన్‌లో పగిలి చిందితే, 1ఏ దశలో ఉన్నది 1సీ దశ కిందికి పోతుంది. అవసరం లేని కీమో అవసరం కావచ్చు. సైనైడ్ దిబ్బల దుమ్ము పీల్చిన ఊరివాళ్లకు, లోపలిది బయట చిందితే ఏమవుతుందో విడమరచి చెప్పక్కర్లేదు.

అలాగని సీఏ-125 అంకె చూసి గుండె ఆగిపోనక్కర్లేదు. టీబీలో, ఎండోమెట్రియోసిస్‌లో, ఒక్కోసారి మామూలు నెలసరిలో కూడా అది పెరుగుతుంది. చిన్న వయసు ఆడపిల్లలకు వేరే రక్తపరీక్షలు ఉన్నాయి. స్కాన్, వయసు, రక్తపరీక్ష మూడూ కలిపి చూడాలి. బయటి నుంచి సూదితో నీరు తీసేసి 'తగ్గిపోయింది' అని పంపడం కూడా వైద్యం కాదు. సంచి లోపలే ఉంటే మళ్లీ నిండుతుంది.

యంత్రం ఉంటే చాలదు

మన ఆడవాళ్లకు ల్యాప్రోస్కోపీ కొత్తమాట కాదు. కు.ని. ఆపరేషన్ల పేరుతో ఆ గొట్టం ముప్ఫై, నలభై ఏళ్ల కిందటే పల్లెల్లోకి వచ్చింది. సరిహద్దుకు అటూ ఇటూ ఎన్ని డీపీఎల్ క్యాంపులు జరిగాయో మన అమ్మలను అడిగితే చెబుతారు. ఆడదానికి పిల్లలు పుట్టకుండా చేయడానికి పల్లెకు వచ్చిన యంత్రం, ఆమె జబ్బు నయం చేయడానికి మాత్రం పట్నంలోనే ఉండిపోయింది.

ఆ క్యాంపులు నేర్పిన పాఠం ఇంకొకటి ఉంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క పూట క్యాంపులో 83 మందికి ల్యాప్రోస్కోపీతో కు.ని. ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత పదిమందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి క్యాంపులను మూడేళ్లలో ఆపేయమంది. కోత చిన్నదైనంత మాత్రాన ప్రమాదం చిన్నది కాదు. పరికరం కన్నా పరికరం పట్టిన చెయ్యి, శుభ్రత, ఆపరేషన్ తర్వాత చూసే మనిషి ముఖ్యం. కాబట్టి మనం అడగాల్సింది క్యాంపులు కాదు. ఏడాది పొడవునా పనిచేసే ఆస్పత్రి.

చిన్నదానికి కత్తి.. పెద్దదానికి గ్యాస్ మాత్ర

ఇక్కడ మన తెలుగు ఇళ్లలో ఇంకో వింత ఉంది. పెద్ద తిత్తిని రెండేళ్లు మోస్తాం. చిన్న తిత్తి కనబడితే మాత్రం రెండు రోజుల్లో గర్భసంచే తీయించేస్తాం. 'స్కాన్‌లో గడ్డ కనబడింది, ఉంచితే కేన్సర్ అవుతుంది' అనే ఒక్క మాట చాలు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకులే అని ఇంటివాళ్లూ తలూపుతారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెలుగు రాష్ట్రాల లెక్క ఇది. సరిహద్దు ఇవతల మన పల్లెల్లో మాట తీరు వేరేగా ఉందని నేననుకోను. పెళ్లి సంబంధాలు అక్కడివే, భయాలూ అక్కడివే.

మూడు సెంటీమీటర్ల సాదా తిత్తికి ఆపరేషన్ అక్కర్లేదు. ఆగి, మళ్లీ స్కాన్ తీయిస్తే చాలు. ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల తిత్తికి ఆపరేషన్ తప్పదు. ఈ రెంటికీ తేడా చెప్పేది రిపోర్టులోని ఒక్క అంకె, దాని పక్కన రెండు మాటలు. ఆ రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది. అది చేతిలో పెట్టుకుని బస్టాండులో నిలబడే మనిషికి తెలుగో కన్నడమో తప్ప వేరే రాదు. ఎవరు ముందు భయపెడితే వాళ్ల మాటే వేదం.

మా వదినకు ఎడమ అండాశయం, దాని నాళం మాత్రమే తీశారు. బాగున్న రెండో అండాశయాన్నీ, గర్భసంచినీ ముట్టుకోలేదు. 'వాటిని ఎందుకు తీయలేదు? మళ్లీ వస్తే?' అని మా బంధువులే డాక్టరును నిలదీశారు. మన పరిస్థితి ఇది.

ఆస్పత్రులు లేకా?

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వాటితోపాటే మైన్స్ ఆస్పత్రీ పోయింది. ఇరవై ఏళ్లు బూజు పట్టిన ఆ భవనాన్ని 2021లో కోవిడ్ రెండో అలలో శుభ్రం చేసి మంచాలు వేశారు. అంటే తలుచుకుంటే అవుతుందన్న మాట. కానీ కేవలం పాత ఆస్పత్రి కోసం ఏడుస్తూ కూచుంటే లాభం లేదు.

నిజం చెప్పాలంటే ఆస్పత్రులకు కరువు లేదు. కోలారులో ఎస్‌ఎన్‌ఆర్ జిల్లా ఆస్పత్రి ఉంది. టమకలో 1986లో మొదలైన దేవరాజ్ అరసు మెడికల్ కాలేజీ, దాని జాలప్ప ఆస్పత్రి ఉన్నాయి. కామసముద్రం, బిసానత్తం దాటి రైల్లో పోతే కుప్పంలో పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది. వీటిలో ఏదీ బంగారుపేటకు బెంగళూరంత దూరం కాదు. అయినా మన జనం పొద్దుటి రైలెక్కి బెంగళూరుకే పోతారు. ఎందుకంటే ఏ ఆస్పత్రిలో ఏ రోజు ఏ డాక్టరు ఉంటారో, ఏ కార్డు చెల్లుతుందో, ఎవరి చీటీ కావాలో చెప్పేవాళ్లు లేరు. దారి పెద్దదైందని నేనన్నది కిలోమీటర్ల లెక్కన మాత్రమే కాదు.

కార్డుల సంగతి ఇంకో చిక్కుముడి. బీపీఎల్ కుటుంబాలకు 2018 నుంచి ఆయుష్మాన్ భారత్-ఆరోగ్య కర్ణాటక కింద ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం ఉంది. పెద్ద వైద్యానికి ప్రైవేటుకు పోవాలంటే ముందు సర్కారీ ఆస్పత్రి సిఫారసు చీటీ ఉండాలి. ఇది తెలియక నేరుగా పోయి డబ్బు కట్టేవాళ్లే ఎక్కువ. పాల సంఘాల సభ్యులకు యశస్విని ఉంది. 2003లో మొదలై, 2018లో ఆగిపోయి, 2022 చివర్లో మళ్లీ వచ్చింది. సభ్యత్వం గడువులోగా కట్టుకోవాలి. గార్మెంట్స్‌లో పనిచేసేవాళ్లకు ఈఎస్‌ఐ ఉంది. వైద్యం ఒక్కటే కాదు, చందా నియమాలు సరిపోతే జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు. మా వదిన జీతంలోంచి ఏళ్ల తరబడి ఆ చందా కోస్తూనే ఉన్నారు. ఆ సెలవు డబ్బు అడగొచ్చని ఆమెకు ఆపరేషన్ అయ్యాక తెలిసింది. కుప్పానికి పోయేవాళ్లకైతే అదనపు తలనొప్పి, కార్డు కర్ణాటకది, ఆస్పత్రి ఆంధ్రాది. బంధుత్వం సరిహద్దు దాటినంత సులువుగా కార్డు దాటదు. పోయేముందే ఫోన్ చేసి 'ఈ కార్డు, ఈ ఆపరేషన్, మీ దగ్గర చెల్లుతుందా?' అని అడిగి పోవడం మంచిది.

ఏం చేయాలి?

పెద్ద పెద్ద కోరికలు కోరడం లేదు. బంగారుపేట, కేజీఎఫ్, మాలూరు, ముళబాగిలు, శ్రీనివాసపురం.. ప్రతి తాలూకా ఆస్పత్రి బయటా ఒక బోర్డు పెట్టండి. ఆడవాళ్ల కడుపు స్కాన్ ఏ వారం, ఎన్ని గంటలకో దాని మీద రాయండి. లింగనిర్ధారణ నిరోధానికి 1994లో చట్టం వచ్చింది. స్కాన్ యంత్రం రిజిస్టరైన చోటే ఉండాలి. అది ఆడపిల్లను కాపాడే చట్టం, దాన్ని సడలించమని ఎవరూ అడగరు. యంత్రం పల్లెకు రాలేనప్పుడు పల్లె ఆడది యంత్రం దగ్గరికి వచ్చేలా రోజూ వేళా ఖాయం చేయాలి కదా.

రిపోర్టు ఇచ్చేటప్పుడు మూడు మాటలు తెలుగులోనో కన్నడంలోనో నోటితో చెప్పండి. ఎన్ని సెంటీమీటర్లు? లోపల నీరేనా, గట్టి భాగం ఉందా? ఆగొచ్చా, వెంటనే పోవాలా?

ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరుగుతారు. గర్భిణులను, బిడ్డ తల్లులను అడుగుతారు. పిల్లలు పుట్టడం అయిపోయిన ఆడదాన్ని ఎవరూ అడగరు. నలభై దాటినవాళ్లను కూడా నాలుగు ప్రశ్నలు అడగనివ్వండి. కడుపు పెరుగుతోందా? కొంచెం తిన్నా నిండిపోతోందా? మాటిమాటికీ ఒంటికి వస్తోందా? పొత్తికడుపు బరువుగా ఉందా? ఇవి నెలలో పన్నెండుసార్లకు మించి కనిపిస్తే, ముఖ్యంగా యాభై దాటినవాళ్లలో, పరీక్ష చేయాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2011లోనే చెప్పాయి. దీనికి ఖర్చు లేదు. అడిగే నోరు చాలు.

మారుమూల సర్కారీ ఆస్పత్రి వల్ల ఏమవుతుందనే వాళ్లకు ఒక ఉదాహరణ. 2020 ఆగస్టులో మేఘాలయలోని తుర పట్టణంలో ప్రభుత్వ మాతా శిశు ఆస్పత్రి డాక్టర్లు ఒక మహిళ కడుపులోంచి 24 కిలోల కణితి తీశారు. కోవిడ్ కాలంలో, గారో కొండల్లో. అక్కడ అయినప్పుడు బెంగళూరుకు కూతవేటు దూరంలో ఉన్న కోలారు జిల్లాలో కాదా?

డాక్టర్లకూ ఒక మనవి. చిన్న రంధ్రంతో పెద్ద గడ్డ తీశామని పేపర్లో ఫొటోలు వేయించుకుంటారు. తప్పు లేదు, గొప్ప పనే. కానీ ఆ ఫొటోలో గడ్డ పక్కన ఒక మాట ఉండదు. ఈ మనిషి ఇన్నాళ్లు ఎందుకు మోసింది? ఎక్కడెక్కడ తిరిగింది? ఎవరు చూసి వదిలేశారు? గడ్డ ఎంత పెద్దదైతే వైద్యుడికి అంత పేరు. నిజానికి గడ్డ ఎంత పెద్దదైతే మనందరికీ అంత తలవంపు. ఎనిమిది సెంటీమీటర్లప్పుడే దొరికి ఉంటే వార్త అయ్యేది కాదు. ఆ మనిషి మాత్రం రెండేళ్లు సుఖంగా నీళ్లు తాగి ఉండేది.

మా వదిన ఇప్పుడు మళ్లీ నిలబడే ప్రయాణం చేస్తోంది. సీటిచ్చిన ఆ కుర్రాడు అప్పుడప్పుడూ కనిపిస్తాడట. 'బిడ్డ బాగుందా అక్కా?' అని ఒకసారి అడిగాడట. ఈసారి ఆమె ఊరుకోలేదు. జరిగిందంతా చెప్పింది. చుట్టూ ఉన్న నలుగురు ఆడవాళ్లు విన్నారు. వాళ్లలో ఒకామె బెంగళూరులో దిగేముందు దగ్గరికొచ్చి, చీర కుచ్చిళ్ల మీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా అడిగిందట.. 'స్కాన్ ఎక్కడ తీస్తారక్కా?' అని.

ఆ ప్రశ్నకు రైల్లో మా వదిన జవాబు చెప్పింది. జవాబు చెప్పాల్సిన బోర్డు మాత్రం బంగారుపేట ఆస్పత్రి గోడ మీద ఉండాలి.